పదహారు గడుల్లో బొంగరం

ఐఫోన్లు ఏళ్ల తరబడి తీసిన 12 మెగాపిక్సెల్ ఫొటో కొలత 4032×3024. దాన్ని చతురస్రంగా కత్తిరిస్తే 3024×3024 మిగులుతుంది. అదే ఫొటో బ్రౌజరు ట్యాబు మీద ఐకానుగా కూర్చోవాలంటే 16×16 గడుల్లో ఇమడాలి. లెక్క వేస్తే ఒక్కో గడి వాటాకు 35,721 పిక్సెళ్లు వస్తాయి. అన్ని రంగులూ కలిసిపోయి ఆ గడికి ఒకే ఒక్క రంగు మిగులుతుంది. ఫొటోలో ముఖం, వెనక గోడ, గోడ మీద క్యాలెండరు, కిటికీలోంచి పడిన వెలుగు అన్నీ ఉంటే, ఆ సగటు బూడిదరంగు మరక తప్ప మరొకటి కాదు.

చిన్న వ్యాపారులకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా వృత్తి. విశాఖపట్నంలో ఉంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి లోగో ఉండదు, బొమ్మ గీయించుకునే స్తోమత ఉండదు, చేతిలో ఫోను మాత్రం ఉంటుంది. ఫోనులో తీసిన ఫొటో నుంచే మంచి ఐకాను తయారవుతుందని నా గట్టి నమ్మకం. అయితే ఫైలును ఒక రకం నుంచి మరో రకానికి మార్చడం ఇందులో అన్నిటికంటే తేలికైన భాగం. ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అని తేల్చుకోవడమే అసలు పని. ఆ పనిని ఏ కన్వర్టరూ మన తరఫున చేయదు.

ఏటికొప్పాక బొమ్మలు చేసే ఒక పెద్దాయన కోసం నేను చేసిన ఐకాను గురించి చెబితే విషయం బాగా అర్థమవుతుంది. ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ అంకుడు కర్రను లేతు మీద తిప్పి, లక్కలో కలిపిన రంగులు అద్ది బొమ్మలు చేస్తారు. గింజలు, బెరడు, వేళ్లు, ఆకుల నుంచి తీసిన రంగులవి. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆయన పంపిన మొదటి ఫొటోలో ఒక అల్మారా నిండా సరుకు ఉంది. లక్కపిడతలు, బొంగరాలు, కుంకుమ భరిణెలు, ఎడ్లబండి, పెళ్లికొడుకు, పెళ్లికూతురు.

"అన్నీ కనిపించాలమ్మా. ఏది వదిలేసినా అది చేసిన పిల్లలు చిన్నబుచ్చుకుంటారు" అన్నారాయన.

ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. అల్మారా ఫొటో మొత్తాన్నీ సైటు మొదటి పేజీ పైభాగంలో, తెర నిండా వచ్చేలా పెట్టాను. ఐకానుకు మాత్రం ఒక్కటే బొమ్మ కావాలని, ఆ ఒక్కటీ దూరం నుంచి నీడను చూసినా గుర్తుపట్టగలిగేది కావాలని చెప్పాను. ఎడ్లబండికి చక్రాలు, కాడి, ఎడ్లు, తోలేవాడు ఉన్నారు. పదహారు గడుల్లో అవేవీ పట్టవు. భరిణె గుండ్రంగా ఉంటుంది, కానీ గుండ్రంగా ఉన్న ప్రతి వస్తువూ అంత చిన్న కొలతలో భరిణెలాగే కనిపిస్తుంది. మిగిలింది బొంగరం. పైన పిడి, మధ్యలో పొట్ట, కింద ములుకు. రంగులన్నీ తీసేసి నలుపు ముద్దగా మార్చినా అది బొంగరమే. ఏ ఫొటో ఐకానుకు పనికొస్తుందో చూడటానికి నేను ఎప్పుడూ చేసే పరీక్ష ఇదే: ఫొటోను నలుపు తెలుపుల్లోకి మార్చి, ఫోనును చేతులు చాచినంత దూరంలో పట్టుకుని, కళ్లు సగం మూసి చూడాలి. అప్పుడు గుర్తుపట్టగలిగితేనే అది ఐకానుకు తగిన ఫొటో.

బొంగరాన్ని మళ్లీ ఫొటో తీయించాను. లక్క బొమ్మకు మెరుపు ఎక్కువ. ఫ్లాష్ వేస్తే పొట్ట మీద తెల్లటి చుక్క పడుతుంది. పెద్ద ఫొటోలో ఆ చుక్క అందంగానే ఉంటుంది, 16×16కు కుదించాక మాత్రం బొంగరానికి చిల్లు పడినట్టు కనిపిస్తుంది. అందుకే ఎండ నేరుగా పడని వసారాలో, మధ్యాహ్నానికి ముందు తీయమన్నాను. బొమ్మ వెనక తెల్ల కాగితం కాకుండా లేత నీలం కాగితం పెట్టమన్నాను. బొంగరంలో పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఉన్నాయి కాబట్టి, బొమ్మలో లేని రంగు వెనక ఉంటే తరువాత అంచు కత్తిరించడం సులువవుతుంది. ఫోనును బొమ్మకు దగ్గరగా పెట్టవద్దని, రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌తో తీయమని కూడా చెప్పాను. ఫోను కెమెరా మామూలుగా వెడల్పు లెన్సుతో చూస్తుంది. దాన్ని మరీ దగ్గరగా పెడితే దగ్గరున్న భాగం ఉబ్బి, బొంగరం గుమ్మడికాయ ఆకారంలోకి వస్తుంది.

ఫొటో నా దగ్గరికి ఎలా చేరుతుందనేదీ ముఖ్యమే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించి వెళుతుంది. ఐకాను చిన్నదే కదా, ఆ కొలత చాలదా అని అడుగుతారు. కొలత చాలుతుంది. చిక్కు అంచుల దగ్గర వస్తుంది. కుదింపు వల్ల బొమ్మ అంచు చుట్టూ చిన్న చిన్న మచ్చలు ఏర్పడతాయి, వెనక భాగాన్ని తొలగించే పరికరం ఆ మచ్చలను బొమ్మలో భాగమనుకుంటుంది. అదే ఫొటోను వాట్సాప్‌లోనే డాక్యుమెంటుగా జతచేసి పంపితే మూల ఫైలు చెక్కుచెదరకుండా వస్తుంది. ఈ ఒక్క చిట్కా నా పనిలో సగం తలనొప్పిని తగ్గించింది.

ఐఫోనుతో తీసినవాళ్లకు ఇంకో సంగతి. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఆ ఫోన్లు ఫొటోలను హెచ్‌ఈఐసీ రూపంలో దాస్తున్నాయి. చాలా ఐకాను పరికరాలు దాన్ని తెరవలేవు. సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అక్కడ మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకుంటే ఇకమీదట తీసేవి జేపీజీగా వస్తాయి. పైగా ఐఫోను ఫొటోల్లో రంగులు డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల శ్రేణిలో ఉంటాయి. పాత తరహా ఐకాను ఫైలులో ఆ సమాచారం దాచుకునే చోటే లేదు. ముందుగానే ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల శ్రేణిలోకి మార్చకపోతే ఎరుపు వెలిసిపోయినట్టు వస్తుంది. ఆకుల నుంచి, గింజల నుంచి ఓపికగా తీసిన రంగు తెర మీద పాలిపోయి కనిపిస్తే, ఆ పని చేసినవారికి అన్యాయం చేసినట్టే. జింప్ అనే ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేరులో ఫొటో తెరవగానే రంగుల ప్రొఫైల్ మార్చాలా అని అడుగుతుంది, మార్చమనే చెప్పండి.

ఇక కత్తిరింపు. నేను అన్ని ఐకాన్లకూ 1536×1536 కొలతలో మూల చిత్రం తయారు చేసుకుంటాను. ఈ అంకెకు కారణం ఉంది. 1536ను 16తో, 32తో, 48తో, 192తో, 256తో, 512తో శేషం లేకుండా భాగించవచ్చు. 16×16 ఐకానులో ఒక్కో గడి మూల చిత్రంలో సరిగ్గా 96 పిక్సెళ్ల చదరం అవుతుంది. జింప్‌లో 96 పిక్సెళ్లకు ఒక గీత చొప్పున గళ్లు కనిపించేలా పెట్టుకుంటే, చిన్న ఐకానులో ఏ భాగం ఏ గడిలో పడుతుందో ముందే కళ్లకు కడుతుంది.

బొంగరం విషయంలో ఇదే నన్ను కాపాడింది. పదహారు సరి సంఖ్య కాబట్టి మధ్య గడి అనేది ఉండదు. బొంగరం నడుమ గీత ఎనిమిదో గడికీ తొమ్మిదో గడికీ మధ్య ఉన్న హద్దు మీద పడేలా జరిపాను. అలా చేస్తే ములుకు నిండుగా రెండు గడుల వెడల్పుతో, రెండు వైపులా సమానంగా వస్తుంది. పావు గడి పక్కకు జరిగినా ములుకు ఒకవైపు ముదురుగా, ఇంకోవైపు మసకగా వచ్చి బొంగరం ఒరిగిపోతున్నట్టు కనిపిస్తుంది.

పట్టీల సంగతి మరీ గడ్డు. అసలు బొంగరం మీద సన్నటి రంగు పట్టీలు బోలెడు ఉన్నాయి. 256 కొలతలో అన్నీ చక్కగా కనిపించాయి, 48లో సగం కలిసిపోయాయి, 16లో అన్నీ కలిసి మట్టిరంగైపోయాయి. ఆ చిన్న కొలత కోసం విడిగా కూర్చుని, మూడే పట్టీలు ఉంచాను. పైన పసుపు, మధ్యలో ఎరుపు, కింద ఆకుపచ్చ. ఒక్కొక్కటి మూడేసి గడుల ఎత్తు. రంగులను మాత్రం ఫొటోలోంచే తీసుకున్నాను, సొంతంగా కలపలేదు. ఇది ఫొటోను మార్చేయడం కాదా అని ఎవరైనా అడగవచ్చు. నా దృష్టిలో కాదు. మిగతా పట్టీలను వదిలి ఈ మూడింటినీ నిలబెట్టడం వల్లనే చూసినవారికి అది ఏటికొప్పాక బొంగరమని తడుతుంది. చీర అంచు డిజైనును గళ్ల కాగితం మీద వేసేవారు ఇలాగే ఆలోచిస్తారు. పువ్వులోని ప్రతి రేకూ నేతలో రాదని వారికి తెలుసు, రావాల్సినవాటికి గళ్లు కేటాయిస్తారు.

కంప్యూటరు ఐకాన్లు నిజానికి కాగితం మీది గళ్లలోనే పుట్టాయి. సూజన్ కేర్ అనే చిత్రకారిణి 1983లో ఆపిల్‌లో చేరి, 1984 జనవరిలో వచ్చిన మాకింతోష్ కోసం గళ్ల పుస్తకంలో 32×32 గళ్లు నింపుతూ ఐకాన్లు గీశారు. నలుపు, తెలుపు తప్ప వేరే రంగు లేదు. ఆ గళ్ల పుస్తకపు బొమ్మలను న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 2015లో సేకరించింది. ప్రతి గడికీ ఒక కారణం ఉండాలనే క్రమశిక్షణను నేను ఆ బొమ్మలు చూసే నేర్చుకున్నాను. లక్షల రంగులు చూపే తెర మన ముందున్నా 16×16 దగ్గర ఆ క్రమశిక్షణ అవసరం ఏమీ తగ్గలేదు.

వెనక భాగం తొలగించాక అంచును బాగా పెద్దది చేసి చూడాలి. దాదాపు ప్రతిసారీ పాత కాగితం రంగు సన్నటి దారంగా అంచు చుట్టూ మిగిలి ఉంటుంది. తెల్ల పేజీ మీద అది కనబడదు. బ్రౌజరు నల్లరంగు థీములో ఉన్నవాళ్లకు బొమ్మ చుట్టూ పాలిపోయిన గీత స్పష్టంగా కనిపిస్తుంది. పెద్ద కొలతలో ఉండగానే ఎంపికను రెండు పిక్సెళ్లు లోపలికి జరిపి కత్తిరిస్తే ఆ దారం పోతుంది. ఈ పనికి ఖరీదైన సాఫ్ట్‌వేరు అక్కర్లేదు. ఐఓఎస్ 16 గానీ ఆ తరువాతది గానీ ఉన్న కొత్త ఐఫోన్లలో ఫొటోలోని వస్తువును వేలితో నొక్కి పట్టుకుంటే వెనక భాగం లేకుండా విడిగా వస్తుంది. విండోస్ 11 పెయింటులో 2023 నుంచి వెనక భాగం తొలగించే బొత్తాం ఉంది. రెండూ బాగానే పనిచేస్తాయి, చివరి రెండు పిక్సెళ్లు మాత్రం మనం చూసుకోవాలి.

ఇప్పుడు ఫైలు సంగతి. విండోస్ ఐకాన్లకు వాడే ఐసీఓ ఫైలు అంటే ఒక బొమ్మ కాదు, ఒకే బొమ్మ వేర్వేరు కొలతల్లో ఉన్న కట్ట. ముందు 6 బైట్ల శీర్షిక, తరువాత ఒక్కో బొమ్మకు 16 బైట్ల చొప్పున విషయసూచిక, ఆ తరువాత బొమ్మలు. ఎక్కడ ఏ కొలత కావాలో చూసుకుని విండోస్ ఆ కట్టలోంచి తగినదాన్ని తీసుకుంటుంది. విషయసూచికలో వెడల్పు రాసే చోటు ఒక్క బైటే, అందులో 255 వరకే పడుతుంది, అందుకే 256 వెడల్పును సున్నాగా రాస్తారు. 256×256 బొమ్మను కుదించకుండా పెడితే అదొక్కటే రంగులకు 262,144 బైట్లు తింటుంది. 2007లో వచ్చిన విండోస్ విస్టా నుంచి ఆ పెద్ద బొమ్మను పీఎన్‌జీగా కుదించి లోపల పెట్టే వీలు వచ్చింది. పూర్తి రంగులతో 16×16 ఒక్కటే ఉన్న పాత తరహా ఐసీఓ ఫైలు సరిగ్గా 1,150 బైట్లు ఉంటుంది. ఎవరైనా ఐకాను ఫైలు ఇచ్చినప్పుడు దాని పరిమాణం 1,150 అని కనిపిస్తే, లోపల ఒకే కొలత ఉందని తెరవకుండానే చెప్పేయవచ్చు. దాన్ని డెస్క్‌టాప్ మీద పెడితే మసకబారి కనిపించేది అందుకే.

జేపీజీ ఫైలు పేరు చివర ఐసీఓ అని మార్చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. చాలా బ్రౌజర్లు లోపలున్నది చూసి సర్దుకుని చూపిస్తాయి కాబట్టి ఆ నమ్మకం నిలబడిపోయింది. విండోస్ ఫోల్డరుకు పెట్టబోతే అది ఐకాను కాదని తేలిపోతుంది. 

ఆన్‌లైన్ కన్వర్టర్లను నేను వాడను, ఇతరులకూ చెప్పను. మొదటి కారణం, వాటిలో ఎక్కువ భాగం ఒక్క పెద్ద ఫొటోను తీసుకుని అన్ని కొలతలకూ యాంత్రికంగా కుదిస్తాయి, నా మూడు పట్టీల బొంగరానికి అక్కడ చోటు లేదు. రెండో కారణం ఇంకా ముఖ్యం. ఫోను ఫొటోలో ఎక్కడ తీశామో అక్షాంశ రేఖాంశాలతో సహా రాసి ఉండవచ్చు. ఇంట్లో తీసిన మనవడి ఫొటోను ముక్కూమొహం తెలియని సైటుకు ఎక్కించడమంటే ఇంటి చిరునామా కూడా ఇచ్చినట్టే. మన కంప్యూటరులోనే జరిగిపోయే పనికి ఆ అవసరం ఏముంది?

జింప్ ఉచితం. పద్ధతి ఇది. మూల చిత్రాన్ని 256×256కు కుదించి ఒక పొరగా (లేయరుగా) పెట్టండి. 48, 32, 16 కొలతల బొమ్మలను విడివిడిగా చేసి, అదే ఫైలులో మరో మూడు పొరలుగా చేర్చండి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఫైలు పేరు చివర ఐసీఓ అని ఇస్తే జింప్ ఒక్కో పొరనూ ఒక్కో కొలతగా కట్టలో పెడుతుంది. అప్పుడు వచ్చే కిటికీలో ఒక్కో కొలతకు రంగుల లోతు అడుగుతుంది, 32 బిట్లు ఉంచండి. పీఎన్‌జీ కుదింపు గుర్తును 256కు మాత్రమే పెట్టండి. 48 నుంచి కింద ఉన్నవాటికి కుదించిన తరువాత కొద్దిగా పదును పెంచండి, కొద్దిగానే. ఎక్కువైతే అంచుల పక్కన తెల్లటి గీతలు లేస్తాయి. దిద్దేటప్పుడు 800 శాతానికి పెంచి దిద్దినా, బాగుందో లేదో మాత్రం 100 శాతంలోనే నిర్ణయించాలి.

వెబ్‌సైటులో పెట్టే ఐసీఓకు 16, 32, 48 చాలు, 256 అక్కర్లేదు. 1999 మార్చిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 ఈ ఆచారం మొదలుపెట్టింది. సైటు మూల ఫోల్డరులో ఫేవికాన్ అనే పేరుతో ఐసీఓ ఫైలు ఉంటే, ఇష్టమైన సైట్ల జాబితాలో ఆ బొమ్మ చూపించేది. పేజీలో వేరే ఏమీ చెప్పకపోతే నేటి బ్రౌజర్లు కూడా ఆ చోటే, ఆ పేరే వెతుకుతాయి. కాబట్టి అక్కడొకటి తప్పకుండా ఉంచండి. గూగుల్ శోధన ఫలితాల పక్కన మీ ఐకాను రావాలంటే అది చతురస్రంగా ఉండాలి, 48 కంటే పెద్దది ఇవ్వడం మంచిదని వారి సూచన. అందుకోసం నేను 192 కొలత పీఎన్‌జీని కూడా పేజీలో పేర్కొంటాను.

ఫోను హోమ్ స్క్రీను మీద పెట్టుకునేవాళ్ల కోసం ఇంకొన్ని కావాలి. ఐఫోనుకు 180×180 పీఎన్‌జీ. అందులో పారదర్శకంగా వదిలిన చోట్లు నల్లగా మారతాయి, కాబట్టి వెనక నిండు రంగు వేయాలి. మూలలు గుండ్రంగా చేయవద్దు, ఫోనే చేసుకుంటుంది. ఆండ్రాయిడ్ కోసం 192, 512 కొలతలు. ఆండ్రాయిడ్ ఫోన్లు ఐకానును కొన్నింట గుండ్రంగా, కొన్నింట చదరంగా కత్తిరిస్తాయి. ఆ కత్తెరకు తట్టుకునే ఐకానులో ముఖ్యమైనదంతా వెడల్పులో 80 శాతం వ్యాసమున్న వృత్తంలో ఉండాలి. 512లో అది దాదాపు 409 పిక్సెళ్లు. బొంగరం ములుకు తెగిపోకుండా ఉండాలని దాన్ని ఆ వృత్తంలోకి చిన్నది చేసి, చుట్టూ పసుపు నింపాను. పెద్దాయన ఫోనులో దాన్ని పెట్టి చూపించినప్పుడు, "ఇది మా అబ్బాయి చేసిన బొంగరమే" అని వెంటనే గుర్తుపట్టారు. అల్మారా మొత్తం కావాలని మళ్లీ అడగలేదు.

అక్షరాల గురించీ చెప్పాలి, ఎందుకంటే దుకాణం పేరు తెలుగులో ఐకాను మీద రావాలని అడిగేవారు చాలామంది. ఆ కోరిక నాకు ఇష్టం. కానీ మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటే మూడు అంతస్తులవుతాయి. పదహారు వరుసల్ని మూడుకు పంచితే ఒక్కో అంతస్తుకు అయిదు వరుసలే. "శ్రీ" అక్షరం అక్కడ ఉండచుట్టుకుపోతుంది. గుణింతం లేని ఒక్క అక్షరం, "అ" గానీ "గ" గానీ, దళసరి గీతతో అయితే నిలుస్తుంది. పూర్తి పేరును 180, 512 కొలతల్లో పెట్టండి, అక్కడ హాయిగా చదవవచ్చు. కొలతను బట్టి బొమ్మ మారవచ్చునన్న స్వేచ్ఛను వాడుకోవాలి.

కొత్త ఐకాను పెట్టాక పాతదే కనిపిస్తోందని ఫోన్లు వస్తాయి. బ్రౌజర్లు ఐకాన్లను చాలాకాలం దాచుకుంటాయి. ఫైలు పేరు మార్చి, పేజీలో ఆ కొత్త పేరు ఇస్తే సమస్య తీరుతుంది.

డెస్క్‌టాప్ ఐకాన్ల గురించి చెప్పడానికి నాకు మా అత్తయ్య కంప్యూటరే ఉదాహరణ. ఆమెకు శుక్లాల ఆపరేషన్ అయింది, చిన్న అక్షరాలు చదవడం కష్టం. భజన బృందంలో పాడతారు, తన కీర్తనలన్నీ రికార్డు చేసి దాచుకుంటారు. విండోస్ ఇచ్చే పసుపు ఫోల్డర్లన్నీ ఒక్కలాగే ఉంటాయి, కింద ఉన్న పేరు చదివితే తప్ప ఏది ఏమిటో తెలియదు. "అన్నీ ఒకటే అచ్చు, తెరిచి చూస్తే గానీ తెలియడం లేదమ్మాయ్" అని ఆమె అన్నప్పుడు, ఆమె చుట్టూ ఉన్న వస్తువుల ఫొటోలే తీసి ఐకాన్లు చేశాను. కీర్తనలకు ఆమె హార్మోనియం. మొత్తం హార్మోనియం తీస్తే పెట్టెలా కనిపించింది, నాలుగు తెల్ల మెట్లు, మధ్యలో నల్ల మెట్లు వచ్చేలా దగ్గరగా కత్తిరిస్తే ఎంత చిన్నదైనా సంగీతమే. ఆసుపత్రి కాగితాలకు ఆమె మందుల డబ్బా. బ్యాంకు కాగితాలకు పాస్‌బుక్కు అట్ట, అట్ట మాత్రమే. ఖాతా నంబరు ఉన్న పేజీని ఐకాను కోసమైనా ఫొటో తీయకూడదు.

మనవళ్లిద్దరి ఫొటోల ఫోల్డర్లకు వాళ్ల ముఖాలే కావాలన్నారు. ముఖాన్ని ఐకాను చేయాలంటే నుదుటి నుంచి గడ్డం వరకు మాత్రమే ఉంచాలి, భుజాలు వద్దు, జుట్టు కొంత తెగినా పరవాలేదు. కళ్లు పై సగంలో ఉండాలి. బృందంగా దిగిన ఫొటో ఇందుకు ఎప్పటికీ పనికిరాదు. అన్నదమ్ముల ముఖాలు 48 కొలతలో దాదాపు ఒకేలా ఉన్నాయి. పెద్దవాడి వెనక నీలం, చిన్నవాడి వెనక పసుపు నింపాను. ఆమె ఇప్పుడు "పసుపువాడు", "నీలంవాడు" అంటూ ఫోల్డర్లు తెరుస్తారు. అత్తయ్య కంటికి ముందు రంగు అందుతుంది, తరువాత ఆకారం, వివరాలు చివరికి.  ఆమె ఐకాన్లు చేసేటప్పుడు నేను శ్రద్ధ కూడా ఆ వరుసలోనే పెట్టాను.

విండోస్‌లో పెట్టే పద్ధతి: ఫోల్డరు మీద కుడి నొక్కు నొక్కి ప్రాపర్టీస్, అందులో కస్టమైజ్, చేంజ్ ఐకాన్, తరువాత బ్రౌజ్ చేసి మీ ఐసీఓ ఫైలు చూపించాలి. ఫోల్డరు ఆ ఐకాను ఎక్కడుందో గుర్తు పెట్టుకుంటుంది, దాన్ని తనలో కలుపుకోదు. ఐకాను ఫైలును తొలగిస్తే మళ్లీ పసుపు ఫోల్డరే వస్తుంది. అందుకే ఐకాన్లన్నిటినీ ఎవరూ కదపని ఒక చోట ఉంచాలి. విడి ఫైలుకు నేరుగా ఐకాను మార్చే వీలు లేదు, దానికి షార్ట్‌కట్ చేసి, ఆ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో మార్చాలి. డెస్క్‌టాప్ ఖాళీ చోట కంట్రోల్ మీట పట్టుకుని మౌసు చక్రం తిప్పితే ఐకాన్లు పెద్దవవుతాయి. అత్తయ్య కంప్యూటరులో అవి అన్నిటికంటే పెద్ద కొలతలో ఉంటాయి, కట్టలో 256 బొమ్మ లేకపోతే అక్కడ మసకగా కనిపిస్తుంది.

మ్యాక్‌లో ఇంత శ్రమ లేదు. పారదర్శక పీఎన్‌జీని తెరిచి కాపీ చేసి, ఫోల్డరు గెట్ ఇన్ఫో కిటికీలో ఎడమ పైమూలనున్న చిన్న బొమ్మ మీద నొక్కి పేస్ట్ చేస్తే చాలు. ప్రోగ్రాములు రాసేవారికే ఐసీఎన్‌ఎస్ ఫైలు కావాలి, అందులో 16 నుంచి 1024 వరకు కొలతలు ఉంటాయి. లినక్సులో ఐకానుకు పీఎన్‌జీ లేదా ఎస్‌వీజీ నేరుగా సరిపోతుంది.

పని పూర్తయ్యాక నేను ఖాతాదారులకు ఒక ఫోల్డరు ఇస్తాను. అందులో ఫోను నుంచి వచ్చిన అసలు ఫొటో, వెనక భాగం తీసేసిన 1536 పీఎన్‌జీ, పొరలతో ఉన్న జింప్ ఫైలు, వెబ్‌సైటు ఐసీఓ, 256తో కూడిన డెస్క్‌టాప్ ఐసీఓ, 180, 192, 512 పీఎన్‌జీలు ఉంటాయి. 16×16 చేత్తో దిద్దినదైతే దాన్ని విడిగా ఒక పీఎన్‌జీగా కూడా పెడతాను. కొన్నేళ్ల తరువాత వేరొకరు సైటు మార్చినప్పుడు మొదట పోయేది అదే, ఎందుకంటే పెద్ద బొమ్మను కుదిస్తే అది తిరిగి రాదు.